బోర్లించిన రోలు

ఫిబ్రవరి 4, మంగళవారం

మా వీధి రోలును ఎత్తుకొచ్చి పూలతొట్టి చేసుకున్నారు. చేసింది మా ఓనరు హరిబాబు. నెలల తరబడి రోజూ పొద్దున్నే దానిలో నీళ్ళు మార్చి బంతిపూలు తేలవేస్తున్నది నేను. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకొకటి లేదు.

ఈ రోజు పాచి గీకడానికని నేనూ హులిగెప్పా దాన్ని ఒరిగించాం. హులిగెప్ప వంటమనిషే గాని బరువు పనులన్నీ అతని నెత్తినే. నీళ్ళు పారబోసి, గోనెసంచి పరిచి, ఒక పక్కకు వాల్చాడు. అడుగు కనబడింది. అడుగున పులిజూదం గీతలు. అందులో ఒక మూల గీత వంకర. ఆ వంకర నా చేతిది. మేకుతో గీస్తుంటే చెయ్యి జారింది, అక్క మాణిక్యం నవ్వింది, దాన్ని ఏడ్చేదాకా గిచ్చాను. అప్పుడు బడికి ఇంకా పలకే తీసుకుపోతున్నాం.

"ఏనాయ్తమ్మా? పాముందా కింద?" అన్నాడు హులిగెప్ప.

"పామైతే బాగుండు."

మళ్ళీ నిలబెట్టించాను, నీళ్ళు పోశాను, పూలు వేశాను. చేతులు వాటంతట అవే చేశాయి.

ఇన్నాళ్ళూ ఎందుకు గుర్తుపట్టలేదని నన్ను నేనే అడుగుతున్నాను. ఎలా పడతాను? వీధిలో ఎప్పుడూ బోర్లించే ఉండేది, నేను చూసింది దాని వీపు. మా వీధిలో దాని నోరు చూసి ఎన్నేళ్ళయిందో. ఈయన అంచులకు మెషిను పెట్టి నునుపు చేయించాడు. పక్కన బోర్డు కూడా పెట్టాడు, గౌడల గుర్రాలు నీళ్ళు తాగిన తొట్టి అని. దీంట్లో తాగాలంటే ఆ గుర్రానికి మేకపిల్ల మూతి ఉండాలి. అతిథులకు ఆ బోర్డు రోజూ చదివి వినిపించేది నేనే.

ఈ ఇల్లంటే నాకేమీ ఇష్టం లేదు. ముందు ఊరి పెద్ద గౌడది, నా చిన్నతనంలో గబ్బిలాలది, ఇప్పుడు హరిబాబుది. సిరుగుప్ప పక్క క్యాంపులో వాళ్ళకు కాలువ కింద వరి పొలాలున్నాయి. కోస్తా నుంచి వాళ్ళ తాత వచ్చి కొన్నాడట. మనవడు వరి వదిలి రాళ్ళను పట్టుకున్నాడు. మిద్దెకు సున్నం గచ్చు వేయించాడు, గుర్రపుసాలలో స్నానాల గదులు కట్టించాడు, 'కల్లుమనె' అని పేరు పెట్టాడు, కన్నడంలో రాతి ఇల్లు అని. సంగనకల్లు గుట్టలు చూడ్డానికొచ్చేవాళ్ళు, హంపికి పోతూ దారిలో ఆగేవాళ్ళు ఇక్కడ దిగుతారు. తోరణగల్లులో క్యాంటీన్ పని మానేసి నేనూ ఇక్కడే చేరాను. సీజను కాబట్టి ఇంటికి పోకుండా వెనక పాత గడ్డి గదిలో ఉంటున్నాను. పక్కబట్టలు నావి, తాళాలు నావి, బుకింగులు నావి, అతిథులతో ఇంగ్లీషు నాది. పదో తరగతి తప్పి ఫోనులో నేర్చుకున్న ఇంగ్లీషు. ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టలేదు. పడితే చూద్దాం.

ఫిబ్రవరి 5, బుధవారం

మధ్యాహ్నం గంట సేపు ఇంటికి పోయివచ్చాను.

"అమ్మా, వీధి రోలేమాయె?"

"ఏ రోలు?"

"ఈదిలో ఎన్ని రోళ్ళుండాయేంది?"

"సిమెంటు రోడ్డు ఏసినప్పుడు కింద పోయిందని చెప్తిని గదమ్మే. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

చెప్పింది ఒక్కసారే. నేను తోరణగల్లు నుంచి వచ్చేసిన కొత్తలో.

"అక్క పసుపు దేంట్లో దంచుతారు మరి?"

"మిక్సీ ఉండాది."

చేటలో పసుపుకొమ్ములు ఏరుతోంది. నా మొహం చూడలేదు. ఆమె అబద్ధం చెప్పేటప్పుడు చేతులు ఎప్పుడూ ఏదో ఒకటి ఏరుతుంటాయి.

ఇరవై మూడున మాణిక్యం పెళ్ళి. ఇరవై ఒకటి శుక్రవారం పసుపు దంచాలి.

ఫిబ్రవరి 6, గురువారం

చిన్నప్పుడు మా అవ్వ కొట్టిన చెంపదెబ్బ ఈ రోజంతా గుర్తొస్తోంది.

రోలు బోర్లించి ఉంది. ఎవరు పోయారో అప్పుడు, పక్కింటి కొట్రమ్మవ్వ మొగుడనుకుంటాను. శవం కదలకముందే రోలును బోర్లించాలి, అది మా వీధి పద్ధతి. నేను దానిమీదెక్కి కాళ్ళు ఊపుకుంటూ "ఇది నాది" అన్నాను. పులిజూదం ఆడుకోవచ్చు, కూర్చోవచ్చు, మెరపకాయలు ఎండబెట్టుకోవచ్చు. ఆ ఒక్క మాట మాత్రం అనకూడదు. బోర్లించిన రోలు కింద సావుంటుంది. ఎవరు నాది అంటే వాళ్ళింటికి పోతుంది. అవ్వ ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి చెంప పగలగొట్టింది.

మళ్ళీ ఎవరింట్లో పెళ్ళయితే ఆ ఇంటి ఆడవాళ్ళు వస్తారు. వీధిలో పెద్దామె "ఎవురిదమ్మా ఈ రోలు?" అని అడుగుతుంది. వాళ్ళు "మాది" అని గట్టిగా చెప్పి, లేపి, కడిగి, పసుపు దంచుతారు. పెళ్ళి ముందర సావు నిలబడదట. అందుకే అప్పుడు అనొచ్చు. పెళ్ళిళ్ళన్నీ బళ్ళారి కల్యాణ మంటపాలకు పోయాక రోలు నోరు చూసినవాళ్ళే లేరు.

మా అవ్వ పోయిన రోజు గడ్డపార వేసి బోర్లించింది ఎదురింటి తిమ్మన్న మామ. అదే ఆఖరుసారి.

ఇవన్నీ నేను నమ్మను. నమ్మనని రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

గదులన్నీ నిండాయి. హరిబాబు కూడా వచ్చాడు. వచ్చీ రాగానే రోలు చుట్టూ తిరిగి, ఫోటోలు తీసి, నన్ను పిలిచాడు.

"సవితా, దీన్ని ఫౌంటెన్ చేస్తే ఎలా ఉంటుందమ్మా? అడుగున బెజ్జం వేసి పైపు పైకి తెస్తే నీళ్ళు సన్నగా పొంగుతూ ఉంటాయి. బళ్ళారిలో డ్రిల్లింగ్ అతనితో మాట్లాడాను. పంతొమ్మిదిన వస్తాడు. నువ్వు ఫోన్ చేసి గుర్తు చేస్తూ ఉండు."

"అడుగునా సార్?"

"సరిగ్గా మధ్యలో."

మధ్యలో అంటే పులి కూర్చునే చోటు.

అతిథులున్నారు కాబట్టి నోరు మూసుకున్నాను. రేపు మూసుకోను.

ఫిబ్రవరి 9, ఆదివారం

అతిథులు వెళ్ళిపోయేదాకా ఆగి అడిగేశాను. నిలబడే అడిగాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఆ రోలు మీరు దొంగతనం చేసి తెచ్చింది."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"దొంగతనం ఏంటమ్మా? అంత మాట ఎందుకు?"

"అడక్కుండా తెస్తే ఇంకేమంటారు?"

"అడక్కుండానా? ఇల్లిల్లూ తిరిగాను సవితా. నువ్వు అప్పుడు తోరణగల్లులో ఉన్నావు. ముందు మీ అమ్మగారినే అడిగాను, ఇది మీదా అమ్మా అని. మాది కాదన్నారు. పక్కన ముసలావిడ, మజ్జిగ కూడా ఇచ్చారు పాపం, ఆవిడా కాదన్నారు. ఎవరినడిగినా అదే మాట. బోర్లా పడి ఉంది, చుట్టూ మట్టి. పారేసిన రాయి అనుకున్నాను. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు మాదే, ముట్టుకోవద్దు అని ఉంటే నేను చెయ్యి వేసేవాణ్ణా?"

అబద్ధం అన్నాను. అరిచాను కూడా. ఆయన అరవలేదు. దాంతో నాకు ఇంకా మండింది.

"పోనీ, ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పమ్మా, అది మీదా?"

మూడో గదిలో తువాళ్ళు మార్చలేదని అప్పుడే గుర్తొచ్చింది. వెళ్ళి మార్చాను. తువాళ్ళన్నీ మళ్ళీ విప్పి మడత పెట్టాను, అంచులు సరిగ్గా లేవు.

ఫిబ్రవరి 10, సోమవారం

కొట్రమ్మవ్వ అరుగుమీద కూర్చుని మెరపకాయలకు తొడిమలు తీస్తోంది. వీధిలో అందరికంటే పెద్దది ఇప్పుడు ఈమే. అవ్వకు స్నేహితురాలు. ఆ అరుగు పక్కనే రోలుండేది. ఇప్పుడు అక్కడ సిమెంటు రోడ్డుకూ గోడకూ మధ్య గుండ్రంగా మట్టి. రోడ్డు వేసినవాళ్ళు కూడా ఆ గుండ్రాన్ని వదిలేసి వేశారు. అమ్మ చెప్పిన మాట నిజమైతే అక్కడ సిమెంటుండాలి. ఇన్నిసార్లు ఆ వీధిలో నడిచాను, చూడలేదు.

"అవ్వా, హరిబాబు వచ్చి అడిగినప్పుడు ఏమంటివి?"

"ఎవురా హరిబాబు?"

"కల్లుమనె ఆయప్ప."

"ఓ, ఆ మెత్తని మాటలాయప్పనా? ఎండన పడి వస్తే మజ్జిగ ఇస్తి. తాగె. చెంబు కడిగి ఇచ్చె. మంచోడే."

"రోలు సంగతవ్వా."

"నాది కాదంటి."

"ఎట్లంటివి?"

"నోటితోనే అంటి. ఇంకేమనాల్మే? మీ అవ్వ సావు దాని కింద పండుకోని ఉండంగ, నాది అని నెత్తికెత్తుకుందునా? చెంపదెబ్బ మర్సిపోతివా?"

"అట్లంటే ఎత్తుకపోతాడని తెలీదా?"

"రోలును ఎవురన్నా ఎత్తుకపోతారని ఎవురికి తెలుసుమే? ఊరికే మాటకు అడుగుతాండాడనుకుంటిమి. ట్రాక్టరు వచ్చినంక తెలిసె. అప్పుడు అరుద్దామంటే ఏమని అరవాల? మాదప్పా, ఎత్తొద్దప్పా అనల్ల. అదే గదా రాని మాట!"

ట్రాక్టరు ఎవరిదని అడిగాను. ఆమె తొడిమ తీసి, ఎదురింటి వైపు చూసింది. తిమ్మన్న మామ వాకిట్లో ట్రాక్టరు కిందనుంచి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"మామా, ఎక్కించింది నువ్వేనంట గదా."

కిందనుంచే జవాబిచ్చాడు. "బాడుగకు పిలిస్తే పోతి. ఎక్కించనంటే, ఏమప్పా తిమ్మన్నా నీదా అంటారు. ఏం చెప్పల్ల నేను? ముగ్గురు ఆడపిల్లలుండారు నాకు."

"బయటికొచ్చి చెప్పు."

"ఈడే బాగుండాది."

కొట్రమ్మవ్వ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. గొంతు తగ్గించింది.

"ఇప్పుడేమాయమ్మే? మంచికే అయ్యింది. ఆడ తిరగేసి నిలబెట్టింది ఆయప్పే. ఎవురు లేపితే వాళ్ళకే పోతాది. రోలు పోయినంక ఈ ఈదిలో ఒక్క సావు లేదు, లెక్క ఏస్కో. నాకు కండ్లు మసకలు, మోకాళ్ళు పోయె, అయినా చూడు ఎట్లుండానో."

అంటే సావును ట్రాక్టరెక్కించి కల్లుమనెకు పంపారు. అక్కడ నేనుంటున్నాను. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. అమ్మకు తట్టి ఉంటుంది. నేను అక్కడ చేరతానన్నప్పుడు రెండు రోజులు తిండి తినలేదు, ఎందుకో చెప్పలేదు.

హరిబాబు దొంగ కాదు. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాశాను. దొంగ కానంతమాత్రాన రోలు ఆయనది కాదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

మొదటి రోజే 'మా వీధి రోలు' అని రాసేశాను. రాసింది లెక్కలోకి రాదు. నోటితో అనాలి.

నాకేం భయం లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఈ రోజు అతిథులెవరూ లేరు. మధ్యాహ్నం పెద్ద గదిలో పడుకున్నాను. పరుపు ఎట్లుందో చూద్దామని. వాళ్ళు అడిగితే చెప్పాలి కదా.

కిటికీ తెరిచి పెడితే గుట్టల మీది గాలి వస్తుంది. పైన టేకు దూలాలు. గచ్చు మీద పాదం పెడితే చల్లగా. గోడలో దీపం గూళ్ళకు పాత మసి కొంచెం వదిలేశారు, నేనే వదిలేయమన్నాను, మేస్త్రీ తుడిచేయబోతుంటే. ఈ గది కిటికీలోంచి చూస్తే రోలు సరిగ్గా ఎదురుగా కనబడుతుంది. నీళ్ళలో పూలు, పూల మధ్య ఆకాశం. అందంగానే ఉంది. అందంగా ఉండడమే దాని తప్పు.

ఈ గదుల్లో పడుకున్నవాళ్ళెవరికీ ఇంతవరకు తలనొప్పి కూడా రాలేదు. సావు ఇక్కడికి వచ్చి ఉంటే దానికి కూడా ఈ పరుపు నచ్చి నిద్రపోయి ఉంటుంది.

నవ్వు రాలేదు నాకే.

ఫిబ్రవరి 14, శుక్రవారం

హరిబాబు ఫోను చేశాడు. ఆదివారం నాటి గొడవ ఊసే లేదు. గొంతులో పండగ.

"సవితా, మంచి ఐడియా వచ్చిందమ్మా. మీ అక్క పసుపు దంచే ఫంక్షన్ మన కల్లుమనెలోనే చేద్దాం. రోలు ఇక్కడే ఉంది కదా! భోజనాలు నావి, అలంకారం నాది. ఆ రోజు హైదరాబాద్ గెస్టులు ఉంటారు, చూసి ఎంత సంతోషిస్తారో. మీవాళ్ళకూ గౌరవంగా ఉంటుంది."

"పంతొమ్మిదిన బెజ్జం వేస్తారు గదా సార్. బెజ్జం రోట్లో పసుపెట్ల దంచేది?"

"చిన్నదేనమ్మా. బిరడా బిగిద్దాం. పసుపు కారదు."

బిరడా.

నేను వద్దని చెప్పేలోపల ఆయన మాణిక్యానికి కూడా ఫోను చేసేశాడు. దాని నంబరు ఇచ్చింది ఒకప్పుడు నేనే. సాయంత్రం అది జీన్సు యూనిట్ నుంచి ఇంటికి పోకుండా ఆటో దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది. వేళ్ళన్నీ ఎప్పటిలాగే నీలం. ఎంత తోమినా పోదు ఆ రంగు.

"ఎంత బాగుంటాది సవితా! ఆ గోడ ముందర నిలబడితే ఫోటో ఎట్లొస్తాదో! పెండ్లికొడుకోళ్ళు చూస్తే నోరెళ్ళబెడతారు."

"నువ్వు పసుపు దంచుతాంటే ఆడ కుర్చీలేసుకోని కాఫీ తాగుతా చూస్తారు. నీకు బాగుంటాదా?"

"చూస్తే ఏమైతాది? మంటపంలో మాత్రం చూడరా?"

"ఆడ చూసేటోళ్ళు నీ పెండ్లికొచ్చినోళ్ళు. ఈడ చూసేటోళ్ళు రూముకొచ్చినోళ్ళు."

"నీకేమ్మే, చెప్తావు. దినామూ ఈ ఇంట్లో పండుకోని లేస్తాండావు. నేను ఒక్క దినం ఫోటో దిగితే నీ సొమ్ము పోతాదా?"

మాటల్లో అక్క నా మీద గెలవడం చాలా అరుదు. అందుకే తేదీతో సహా రాసుకుంటున్నాను.

పోతూ పోతూ రోలు దగ్గర ఆగింది. నీళ్ళలో చెయ్యి పెట్టి పూలు కదిపింది. ఇది అదేనని దానికి తెలుసా అని అడిగాను.

"తెలుసు," అంది. "అమ్మ చెప్పొద్దనె."

ఫిబ్రవరి 15, శనివారం

హులిగెప్పకు అంతా చెప్పాను. చపాతీ పిండి పిసుకుతూ విన్నాడు. "నిమగె భయానా?" అని అడిగాడు.

నాకేం భయం లేదన్నాను.

"హంగాదరె హేళిబిడమ్మా," అన్నాడు. అయితే చెప్పేయి అని. పిండి పిసుకుతున్నవాడికి అన్నీ సులభమే.

ఫిబ్రవరి 16, ఆదివారం

చెప్పేశాను.

ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక హరిబాబు అతిథులను వెంటబెట్టుకుని ఇల్లు చూపిస్తున్నాడు. నేను వెనక మజ్జిగ గ్లాసుల ట్రే పట్టుకుని నడుస్తున్నాను. రోలు దగ్గర ఆగారు. గుర్రాల కథ చెప్పాడు. వచ్చే శుక్రవారం ఇక్కడ అసలైన పల్లెటూరి పసుపు వేడుక ఉందని చెప్పాడు. ఫోన్లు బయటికి తీశారు. అందులో ఒక పెద్దామె, హైదరాబాదు ఆమె, నెత్తిన టోపీ పెట్టుకుంది, రోలు అంచు మీద చెయ్యి వేసి అడిగింది.

"ఎవరిదండీ ఇది?"

ఆ మాట. సరిగ్గా అదే మాట. పెళ్ళికి రోలు లేపేముందు మా వీధి పెద్దామె అడిగే మాట. ఆ టోపీ ఆమెకు ఏమీ తెలియదు.

హరిబాబు నవ్వాడు. "ఎవరిదీ కాదండి. అనాథ. మేమే తెచ్చి పెంచుకుంటున్నాం."

"మాది," అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు. వాళ్ళకు వినబడలేదేమో అనిపించి మళ్ళీ అన్నాను. ఇంకా గట్టిగా అన్నాను. వంటింట్లో హులిగెప్పకు కూడా వినబడిందట.

"మాది. ఇది కింది వీధి రోలు. గుర్రాలు కాదు, మా అవ్వోళ్ళు పసుపు దంచుకున్నది. దీని అడుగున పులిజూదం ఉండాది, దాంట్లో ఒక గీత వంకర, అది నేను గీసింది."

ట్రే కింద పెట్టాను. పూలన్నీ దోసిళ్ళతో తీసి బయట వేశాను. ఎందుకు తీశానో తెలియదు, తీయాలనిపించింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

టోపీ ఆమె మెల్లగా చెయ్యి తీసేసింది. "సారీ అమ్మా," అంది. ఆమె సారీ ఎందుకు చెప్పాలి? అయినా బాగుంది.

హరిబాబు నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు. ఈసారి మొహం ఎర్రగా ఉంది.

"గెస్టుల ముందా సవితా? నన్ను విడిగా అడిగి ఉండొచ్చు కదా?"

"మీరు పోయిన ఆదివారం విడిగా అడిగినారు సార్. అప్పుడు నాకు నోరు రాలేదు. ఈ రోజు వచ్చింది."

"అప్పుడు అందరూ కాదన్నారు. ఇప్పుడు నువ్వొక్కదానివి అవునంటే నేనేం చేయను? పార్ట్‌నర్లున్నారు, వాళ్ళకు ఏం చెప్పాలి? వీధంతా కలిసి రాసివ్వండి. చూద్దాం."

"రాసిస్తే ఇస్తారా?"

"చూద్దాం అన్నాను కదమ్మా."

పొద్దు ఉండగానే వీధికి పోయాను. కొట్రమ్మవ్వతోనే మొదలుపెట్టాను, జరిగింది చెప్పాను.

"అనేసినావా?"

"అనేసినా."

"ఎంతమంది ముందర?"

"శానామంది. టోపీలు పెట్టుకున్నోళ్ళు గూడా ఉండారు."

"నీ నోరు పడ! పెండ్లి ఇంక వారం ఉండంగనే అంటావా? నీళ్ళు తేపో, నోరు పుక్కిలించు!"

తెచ్చాను. పుక్కిలించాను. నమ్మి కాదు, ముసలామె మాట కాదనలేక. ఆమె మెరపకాయలు పక్కకు నెట్టి ఆ మట్టి గుండ్రం వైపు చూసింది. రాసివ్వాలన్నాడని చెప్పాను.

"రాస్తావా?"

"రాస్తా."

"అయితే నా పేరు అన్నిటికంటే పైన రాయి."

"ఎందుకవ్వా?"

"సావొస్తే వరసలో ముందర నేనుండాల. నిన్న గాక మొన్న పుట్టినదానివి, నా ముందర పోయి నిలబడతావా? ఎచ్చులు!" లేచి గోడ పట్టుకుని, ఎదురింటికి వినబడేలా అరిచింది. "మాదే! ఈ ఈదిది! ఇన్నావా తిమ్మన్నా? ఇంగ ఆ బండి కిందనుంచి బయటికి రా!"

తిమ్మన్న మామ బయటికి వచ్చాడు. మొహమంతా గ్రీజు. మట్టి గుండ్రంలో పడి ఉన్న ప్లాస్టిక్ కవర్లు ఏరి అవతల పారేశాడు.

ఇంట్లో అమ్మకు చెప్పాను. అమ్మ వినీ విననట్టు లేచి, మిక్సీ వైరు చుట్టి, దాన్ని అటక మీదికి ఎక్కించింది. అంతే.

మాణిక్యం మాత్రం మొహం ముడుచుకుంది. "ఫోటోలు ఈదిలోనే తీస్తావా?"

"తీస్తా."

"సిమెంటు రోడ్డుమీద ఏం బాగుంటాయి? తిమ్మన్న మామ ట్రాక్టరు గూడా పడతాది ఫోటోలో."

"పడనీ. అది కడిగిస్తా."

గోళ్ళ సందుల్లో నీలం గీక్కుంది. "కాయితం తీసుకురా," అంది.

కొట్రమ్మవ్వ వేలిముద్రకు ఇంకు లేదు. పెళ్ళికి కొన్న లిప్‌స్టిక్ తీసిచ్చింది మాణిక్యం. అవ్వ బొటనవేలికి పూసుకుని, ముద్ర వేసి, మిగిలింది పెదవులకు రాసుకుంది.

ఫిబ్రవరి 17, సోమవారం

నాకు భయం ఉంది. మొన్నటిదాకా రాసింది అబద్ధం. ఉన్నా అన్నాను, అదీ సంగతి.

రేపు పొద్దున ఆయన వచ్చినప్పుడు ఇవ్వాల్సింది చిత్తు రాసుకుంటున్నాను. ఇదే శుభ్రంగా ఎత్తి రాసి, పేర్లున్న కాయితానికి జతపెట్టాలి.

'కింది వీధి రోలును మీరు తీసుకుపోయారు. అడిగి తీసుకుపోయారు, ఆ సంగతి ఇప్పుడు తెలిసింది. మిమ్మల్ని దొంగ అన్నాను. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటున్నాను, మిగతావి తీసుకోను. అప్పుడు మేము కాదన్నాం. బోర్లించిన రోలును ఎవరూ తమది అనరు, అది మా భయం. మీకు తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇంక తెలియదనడానికి లేదు.

ఆ రోలు మాది. పైన ఉన్న ఎర్ర ముద్ర కొట్రమ్మది, కింద మా అమ్మ హనుమమ్మది, మాణిక్యానిది, తిమ్మన్నది, తక్కిన ఇళ్ళవాళ్ళవి. అందరికంటే కింద నాది. ఇది అవ్వ పెట్టిన వరస, మార్చకండి.

డ్రిల్లింగ్ అతనికి రావద్దని నేనే ఫోను చేసి చెప్పాను. బుకింగులన్నీ చూసేది నేనే కదా. పసుపు మా వీధిలోనే దంచుతాం. మీ అతిథులు రావాలనుకుంటే రావచ్చు, కానీ కుర్చీలుండవు, వచ్చిన ఆడవాళ్ళు రోకలి పట్టుకోవాలి. టోపీ పెట్టుకున్న ఆమెను మాత్రం తప్పకుండా పిలవండి.

రోలును గురువారం మీరే పంపాలి. ట్రాక్టరు తిమ్మన్న తెస్తాడు. ఎక్కించేటప్పుడు బోర్లించి ఎక్కించాలి, తీసుకుపోయినప్పుడు ఎలా ఉందో అలాగే. లేపేది మేము. గుర్రాల బోర్డు మీరు ఉంచుకోండి.

నన్ను పనిలోంచి తీసేస్తారేమో తీసేయండి. చెడ్డ పనిమనిషిని కాదని మీకూ తెలుసు. ఈ ఇల్లంటే నాకు ఇష్టమే, దానికోసం నోరు మూసుకునేంత ఇష్టం కాదు.

మీ జవాబు కాయితం మీద వద్దు, ఫోనులో వద్దు. ఈ మంగళవారమే వీధిలో దీపాలు పెట్టేలోపల కొట్రమ్మవ్వ అరుగు దగ్గరికి రండి. ఆమె మజ్జిగ ఇస్తుంది, తాగండి. తర్వాత ఆమె మిమ్మల్ని ఎవరిదప్పా ఆ రోలు అని అడుగుతుంది. రోలు తీసుకుపోయేముందు మేమంతా మీతో చెప్పిన మాటే, మీరు మాతో గట్టిగా చెప్పాలి. మాది కాదు అని.'